తాళ్ళపాక సంకీర్తనల పునరుద్ధరణ

తాళ్ళపాక సంకీర్తనల పునరుద్ధరణ అనగా, 15, 16 శతాబ్దాలలో తాళ్ళపాక అన్నమాచార్యుడు, ఆయన కుమారుడు, మనుమడు రచించి, రాగిరేకులపై చెక్కించి, తరువాత చాలాకాలం మరుగున పడిపోయిన పదసాహిత్యాన్ని 20వ శతాబ్దంలో వెలికితీసి, పరిష్కరించి, తిరిగి గానయోగ్యంగా చేసిన ప్రయత్నము. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఇందులో ప్రముఖులు. వీరిలో అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఈ పాటలకు తిరిగి బాణీలు కూర్చిన తొలితరం విద్వాంసులలో అగ్రగణ్యుడు. రేకులలో సాహిత్యము, రాగము పేరు మాత్రమే ఉన్నాయి, స్వరము లేదు. అందుచేత నేడు వినవస్తున్న అన్నమాచార్య కీర్తనల సాహిత్యం ప్రాచీనమైనదే అయినా, వాటి బాణీలు చాలావరకు 20వ శతాబ్దానివి.

నేపథ్యము

అన్నమాచార్యుడు (1408 - 1503) కడప ప్రాంతంలో రాజంపేట సమీపాన ఉన్న తాళ్ళపాక గ్రామంలో జన్మించాడు. పదహారవ యేట, అనగా 1424లో, సంకీర్తన రచన ప్రారంభించాడని రాగిరేకుల వలన తెలుస్తున్నది. ఆయన 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. లభించినవి అందులో సగం కంటే తక్కువ. ఆయనకు "పదకవితా పితామహుడు" అని బిరుదు. ఆయన భార్య తిమ్మక్క "సుభద్రా కల్యాణము" రచించింది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు, మనుమడు చిన తిరుమలాచార్యుడు కూడా సంకీర్తనకర్తలే.

అన్నమాచార్యుని మరొక మనుమడు, చిన్నన్న అని ప్రసిద్ధుడైన చిన తిరువేంగళనాథుడు, "అన్నమాచార్య చరిత్రము" అనే ద్విపద కావ్యం వ్రాశాడు. అన్నమాచార్యుని జీవితాన్ని గురించిన వివరాలకు ముఖ్యాధారం ఇదే. అనంతపురం సీమకు అన్నమాచార్యునితో గల సంబంధం కూడా ఈ కావ్యంలోనే కనిపిస్తుంది. సాళువ నరసింహరాయలు అన్నమాచార్యుని పెనుకొండకు రప్పించి, వేంకటేశ్వరునిపై పాడిన శృంగార పదం వంటిది తనపై కూడా చెప్పమని కోరాడనీ, అందుకు నిరాకరించిన కవిని సంకెళ్ళతో బంధింపజేశాడనీ, స్వామిని ప్రార్థించగా ఆ సంకెళ్ళు విడిపోయాయనీ అందులో కథ. పెనుకొండ 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది, ఆ సంవత్సరం జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

రాగిరేకులు

సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి భద్రపరచిన పని ప్రధానంగా పెద తిరుమలాచార్యుని కాలంలో జరిగింది. తిరుమల ఆలయంలో హుండీకి సమీపంలోని చిన్న గదిలో ఈ రేకులను దాచారు. దీనిని సంకీర్తన భాండారము అనీ, తాళ్ళపాక అర అనీ అంటారు. దీని ద్వారానికి ఇరువైపులా తాళ్ళపాక కవుల శిల్పాలు ఉన్నాయి.

లభించిన రేకులు రెండు వేలకు పైగా ఉన్నాయి. వీటిలోని పాటలను ఆధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండు విధాలుగా విభజించారు. సంఖ్యలో శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువ. ప్రతి సంకీర్తనకు పైన రాగము పేరు చెక్కబడి ఉన్నది. తాళము పేరు గాని, స్వరాలు గాని సాధారణంగా లేవు. పాటలలో ఎక్కువ భాగానికి ఒక పల్లవి, మూడు చరణాలు ఉంటాయి.

మరుగున పడుట

ఒక పాట నిలిచి ఉండుటకు రెండు ఆధారాలు కావాలి. ఒకటి వ్రాత, రెండవది గురుశిష్య పరంపర. త్యాగరాజు (1767 - 1847) కృతులు ప్రధానంగా శిష్యుల గొంతులలో నిలిచాయి. శిష్యులు వ్రాసుకొన్న ప్రతులు ఆ పరంపరకు తోడుగా నిలిచాయి. తాళ్ళపాక పాటల విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. వ్రాత లోహంపై భద్రంగా ఉండిపోయింది, పాడే పరంపర సన్నగిల్లింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర సామ్రాజ్యం క్షీణించింది. దానితో పాటు ఆలయాలకు, విద్వాంసులకు రాజపోషణ కూడా తగ్గిపోయింది. కొన్ని పాటలు భజనలలో, స్త్రీల పాటలలో మిగిలాయి. వాటిని పాడేవారిలో చాలామందికి కర్త ఎవరో తెలియదు.

రేకుల ఉనికి పూర్తిగా తెలియకుండా పోలేదు. ఎ.డి.కాంబెల్ అనే ఆంగ్లేయ అధికారి 1816లో ప్రచురించిన తెలుగు వ్యాకరణ గ్రంథంలో తిరుపతి రాగిరేకుల ప్రస్తావన ఉన్నది. అందులో ప్రాచీన వ్యాకరణ గ్రంథం ఉండవచ్చునని విని ఆయన నకళ్ళు తీయించాడు. తీరా చూస్తే దైవస్తుతులు మాత్రమే కనిపించాయి. వెదికినది వ్యాకరణం కనుక, చేతికందిన పదసాహిత్యంపై ఆయన దృష్టి నిలువలేదు. ఆ తరువాత మరొక శతాబ్దం పాటు ఈ రేకులను పట్టించుకొన్నవారు లేరు.

వెలికితీత, ప్రచురణ

1922లో దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ రేకుల ప్రాముఖ్యాన్ని గుర్తించి వెలుగులోకి తెచ్చాడు. 1930లలో తిరుమల తిరుపతి దేవస్థానములు తాళ్ళపాక కవుల రచనల ముద్రణను ఆరంభించింది. 1939లో తిరుపతిలో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ ఈ పనికి ముఖ్య కేంద్రమైనది.

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888 - 1950) 1940లలో ఈ కార్యాన్ని చేపట్టాడు. చిన్నన్న ద్విపద కావ్యాన్ని పరిష్కరించి, విపులమైన పీఠికతో ప్రచురించాడు. అన్నమాచార్యుని కాలము, వంశము, రచనలను గురించి తరువాతి పరిశోధకులకు ఆ పీఠిక మార్గదర్శకమైనది. 1950 ఆగష్టు 29న ఆయన మరణించాడు. అప్పటికి సాహిత్యం అచ్చులోకి వస్తున్నది, కాని పాట ఇంకా పాటగా వినిపించుట లేదు.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కృషి

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1893 జనవరి 23న అనంతపురం జిల్లా కంబదూరు మండలంలోని రాళ్ళపల్లి గ్రామంలో జన్మించాడు. తల్లి అలమేలుమంగమ్మ, తండ్రి కృష్ణమాచార్యులు. ఈ ప్రాంతం దక్కను పీఠభూమిలో వర్షచ్ఛాయలో ఉన్నది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కరవు పేరుతోనే ఈ సీమను గుర్తుంచుకొనే వారికి దీని సారస్వత, సంగీత సంపద అంతగా తెలియదు. శర్మకు పాటపై ఆసక్తి చిన్ననాడే తల్లి వద్ద కలిగింది.

యౌవనంలో మైసూరుకు చేరి, పరకాల మఠంలో సంస్కృత విద్య, బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం అభ్యసించాడు. కట్టమంచి రామలింగారెడ్డి ప్రోత్సాహంతో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడై, 1912 నుండి 1949 వరకు అక్కడే పనిచేశాడు. ప్రాకృతం నుండి "గాథాసప్తశతి"లోని గాథలను తెనిగించాడు. "నాటకోపన్యాసములు", "సారస్వతోపన్యాసములు" ఆయన విమర్శ గ్రంథాలు.

1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన అనంతపురంలో ఆయన వేమనపై ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి సంవత్సరం "వేమన" అనే గ్రంథంగా వెలువడినాయి. వేమన సమాధి ఉన్నట్లుగా చెప్పే కటారుపల్లి అనంతపురం సీమలో కదిరికి సమీపంలోనిదే. అప్పటి పండితులలో చాలామంది వేమనను కవిగా లెక్కించేవారు కారు. ఆ పద్యాలలోని కవిత్వాన్ని, ఆలోచనను శర్మ సహేతుకంగా నిరూపించాడు. చులకనగా చూడబడిన రచనను గ్రంథపాఠంతో, సహృదయతతో పరిశీలించే ఈ పద్ధతే తరువాత ఆయనకు తాళ్ళపాక పాటల విషయంలో ఉపకరించింది.

మైసూరులో ఉద్యోగ విరమణ చేసిన తరువాత తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకు వచ్చాడు. రేకులలోని పాఠాన్ని సరిచూచి, సంకీర్తనల సంపుటాలకు సంపాదకత్వం వహించాడు. నూరుకు పైగా సంకీర్తనలకు బాణీలు కూర్చి, స్వరసహితంగా అందించాడు. రేకులలో పదాల విరుపు, చరణాల విభజన, వ్రాయసకాని పొరపాట్లు తేల్చుకొనుటకు భాషా పాండిత్యం కావాలి. ఆ పదాల నడకకు తగిన తాళాన్ని, భావానికి తగిన సంచారాన్ని నిర్ణయించుటకు సంగీతజ్ఞానం కావాలి. ఈ రెండూ ఒకే వ్యక్తిలో ఉండుట వలన ఈ కార్యం సాధ్యమైనది.

1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు "సంగీత కళానిధి" బిరుదునిచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానములు ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించింది. 1979 మార్చి 11న బెంగుళూరులో పరమపదించాడు.

స్వరకల్పనలోని సమస్యలు

పాశ్చాత్య సంగీతంలో మరుగున పడిన రచనలను తిరిగి వినిపించిన సందర్భాలున్నాయి. 1829లో బెర్లిన్‌లో మెండెల్సన్, బాఖ్ రచించిన సెయింట్ మాథ్యూ పాషన్‌ను ప్రదర్శించుట ప్రసిద్ధమైనది. అక్కడ మెండెల్సన్‌కు స్వరలిపి అందుబాటులో ఉన్నది. తాళ్ళపాక పాటలకు అటువంటి ఆధారం లేదు. తిరుమలలో సూళాది రచనలకు స్వరాలు చెక్కిన శిలాఫలకాలు కొన్ని లభించినా, వేలకొలది సంకీర్తనల మొత్తానికి అవి చాలవు. ముఖ్యమైన సమస్యలు ఇవి:

* రాగాల మార్పు: రాగము పేరు అదే అయినా స్వరూపం మారిపోయి ఉండవచ్చును. ఉదాహరణకు, 1550లో రామామాత్యుడు రచించిన "స్వరమేళకళానిధి"లో ముఖారి శుద్ధస్వరాల మేళము. నేటి ముఖారి దానికి భిన్నమైనది. కనుక రేకుపై ముఖారి అని ఉన్నంత మాత్రాన నేటి ముఖారిలో పాడితే అది అన్నమాచార్యుని బాణీ కాజాలదు.
* అపరిచిత రాగాలు: అబలి, కొండమలహరి, అమరసింధు వంటి పేర్లు రేకులలో కనిపిస్తాయి. ఇవి నేటి కచేరీలలో వాడుకలో లేవు.
* తాళము: తాళనిర్దేశం లేనందున పదాల నడకను, ప్రాసస్థానాలను బట్టి ఊహించవలసి ఉంటుంది.
* లక్షణ గ్రంథము: అన్నమాచార్యుడు సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం లభించలేదు. చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు రూపం లభించినది. ఇది పదరచన నియమాలను తెలుపుతుంది కాని బాణీలను ఇవ్వదు.

ఈ పరిస్థితిలో స్వరకర్తల ముందు రెండు మార్గాలున్నాయి. రేకుపై ఉన్న రాగాన్ని నేటి రూపంలో గ్రహించి పాడుట ఒకటి, భావాన్ని బట్టి వేరొక రాగాన్ని ఎన్నుకొనుట రెండవది. రెండు పద్ధతులూ ఆచరణలో ఉన్నాయి. అందువలననే ఒకే సంకీర్తన వేర్వేరు గాయకుల వద్ద వేర్వేరు రాగాలలో వినిపిస్తుంది.

ప్రచారము

1950లలో విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుండి ప్రసారమైన "భక్తిరంజని" కార్యక్రమం ద్వారా ఈ పాటలు ఇండ్లలోకి చేరినాయి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ ప్రచారంలో ముఖ్యులు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్, శోభారాజు తదితరులు అనేక సంకీర్తనలకు బాణీలు కూర్చి, పాడి ప్రచారం చేశారు. ఆరువందలకు పైగా సంకీర్తనలను స్వరపరచిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ 2025 మార్చి 9న మరణించాడు. 1980 ప్రాంతంలో వెలువడిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి "బాలాజీ పంచరత్నమాల" గ్రామఫోను రికార్డుల వలన అన్నమాచార్యుని పేరు తెలుగు దేశం వెలుపల కూడా వ్యాపించింది.

1997లో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో, ఎం.ఎం.కీరవాణి సంగీతంతో వచ్చిన "అన్నమయ్య" చలనచిత్రం ఈ పాటలను సామాన్య ప్రేక్షకులకు చేరువ చేసింది. 2005లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కొన్ని సంకీర్తనలను ఆంగ్లంలోకి అనువదించి ప్రచురించారు. 2009 మే 10న అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర నిర్వహణలో సికింద్రాబాదు పెరేడ్ మైదానంలో "లక్షగళార్చన" జరిగినది. లక్షమందికి పైగా గాయకులు కలిసి సంకీర్తనలు పాడారు.

మిగిలి ఉన్న పని

లభించిన పన్నెండు వేలకు పైగా సంకీర్తనలలో తరచుగా వినవచ్చేవి కొన్ని వందలు మాత్రమే. మిగిలినవి సంపుటాలలో సాహిత్యంగా ఉన్నాయి గాని, గానంలోకి రాలేదు. వీటిలో శృంగార సంకీర్తనల పాలు ఎక్కువ. వాటిలో రాయలసీమ పలుకుబడులు, సామెతలు, ఆనాటి ఇంటి వాడుకలు విస్తారంగా ఉన్నందున, సంగీతానికే కాక భాషాచరిత్రకు కూడా అవి విలువైన ఆధారాలు. కాంబెల్ కాలంలో రేకులు ఉండి కూడా ఉపయోగపడలేదు. నేడు ముద్రిత సంపుటాలలోని అధికభాగం గాయకుని కొరకు అదే విధంగా ఎదురుచూస్తున్నది.

ఇవి కూడా చూడండి

* తాళ్ళపాక అన్నమాచార్యుడు
* రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ
* వేటూరి ప్రభాకరశాస్త్రి
* పెనుకొండ
* వేమన