ఓమ్ నియమము పుట్టిన కథ

పాత రేడియోను విప్పి చూచినచో రంగు చారలు గల చిన్న గొట్టములు కొన్ని కనబడును. అవి విద్యుత్ప్రవాహమును అదుపులో నుంచు నిరోధకములు. వాని కొలతను మనము ఓములలో చెప్పుకొందుము. ఆ మాట ఒక మనిషి పేరు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళములు చేయువాని ఇంట జన్మించెను. కొలోన్ నగరమున ఉపాధ్యాయుడై యుండి, తీగ పొడవు పెరిగిన కొలది ప్రవాహమెంత తగ్గునో కొలువబూనెను. కాని నాటి వోల్టా ఘటముల బలము నిలుకడగా నుండెడిది కాదు. అంతట పోగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై, రాగి, బిస్మతు లోహముల అతుకులలో ఒకదానిని మరుగు నీటను, వేరొకదానిని మంచునను ఉంచెను. ఆ ఉష్ణభేదము మారదు గనుక విద్యుద్బలమును మారలేదు. కొలతలు కుదిరెను.

ఆయన కనుగొన్న నియమము సులభమైనది. 230 వోల్టుల బలమునకు 230 ఓముల నిరోధమెదురైనచో ఒక ఆంపియరు పారును. నిరోధము 460 ఓములైనచో అర ఆంపియరే పారును.

1827లో వెలువడిన ఆయన గ్రంథమును స్వదేశపు పండితులు పలువురు ఆదరింపలేదు. ఓమ్ కొలోన్ ఉద్యోగమును వదలుకొనెను. 1833లో గాని న్యూరెంబర్గులో తగిన పదవి లభింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీ కోప్లే పతకమిచ్చి గౌరవించెను. 1854లో ఆయన మరణించెను. 1881లో పారిస్‌లో కూడిన అంతర్జాతీయ విద్యుత్ సభ నిరోధపు కొలతకు ఆయన పేరును ఖాయపరచెను.

కొలుచుటకు ముందు కొలతకు ఆధారమైన దానిని నిలుకడ పరచవలెను. ఓమ్ వలన మనము నేర్వదగిన పాఠమిదియే.