తప్పు కట్టడం, తప్పు ఒప్పుకోవడం

వేగపరిమితిని అతిక్రమించినారని కెమెరా పంపిన చలానాను కట్టడమా, ఎదిరించడమా అన్న ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. విమర్శ వ్యాసాలకు కేటాయించిన ఈ పుటల్లో దానికి చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. కాని రాయచోటిలో లారీయో, ఆటోనో, మోటారు సైకిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ నేడు ఈ ప్రశ్న వినిపిస్తున్నది. కర్నూలు నుంచి కడప, రాయచోటి, పీలేరుల మీదుగా చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరిలో చాలామందికి బ్రతుకుతెరువు. వాన నమ్మలేని సీమలో చక్రాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎక్కువగానే ఉంటారు.

ఈ ప్రశ్నకు ఊళ్ళో వినిపించే జవాబులు రెండు. "మనకెందుకప్పా యీ గోల, కట్టి పారేయ్" అన్నది మొదటిది. "వాళ్ళేం ఇంటికొచ్చి అడగరులే, కట్టాకు" అన్నది రెండవది. మొదటివాడు లొంగిపోతున్నాడు, రెండవవాడు తప్పించుకోజూస్తున్నాడు. మోపిన నేరం నిజమా, దాన్ని రుజువు చేయవలసిన భారం ఎవరిది అన్న ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు. అది తట్టకపోవడానికి వాళ్ళ సోమరితనం కారణం కాదు. దాని వెనుక నూటయాభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మాటను చూద్దాం. మన పల్లె పంచాయితీల్లో జుల్మానా వేయడాన్ని "తప్పు వేయడం" అనీ, దాన్ని చెల్లించడాన్ని "తప్పు కట్టడం" అనీ అంటారు. సంస్కృతం నుంచి వచ్చిన "అపరాధం" గతి కూడా ఇదే. అది చేసిన నేరానికీ, ఆ నేరానికి చెల్లించే డబ్బుకూ కూడా పేరయింది. నేరమూ డబ్బూ ఒకే మాటలో కలిసిపోయిన చోట, డబ్బు కట్టినవాడు నేరం చేసినవాడే అన్న భావం తనంతట తానే స్థిరపడుతుంది. వాస్తవ జీవితంలో మాత్రం తప్పు కట్టినవాళ్ళందరూ తప్పు ఒప్పుకున్నవాళ్ళు కారు. ఒప్పుకోకపోయినా కట్టక తప్పని పరిస్థితిని సృష్టించడంలో వలస ప్రభుత్వం ఆరితేరింది.

దీనికి బందెలదొడ్డి మంచి నిదర్శనం. 1871లో బ్రిటిషు ప్రభుత్వం పశువుల అక్రమ ప్రవేశ చట్టాన్ని చేసింది. పరుల చేలో మేసిన పశువును దొడ్డికి తోలవచ్చు. దాన్ని విడిపించుకోవడానికి యజమాని జుల్మానాతో పాటు మేతకూ నీళ్ళకూ అయిన ఖర్చు కూడా ఇచ్చుకోవాలి. విడిపించుకోకపోతే పశువును వేలం వేస్తారు. అన్యాయంగా పట్టినారనుకుంటే 10 రోజుల లోపల మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవచ్చునని ఆ చట్టంలోనే రాశారు. ఫిర్యాదు నిజమని తేలితే 100 రూపాయల దాకా పరిహారం కూడా ఇప్పించవచ్చు. కాగితం మీద ఇంతకన్న న్యాయం ఏముంటుంది? కాని ఎద్దు దొడ్డిలో ఉంటే కాడి ఆగిపోతుంది, మేత ఖర్చు రోజురోజుకూ పెరుగుతుంది. మేజిస్ట్రేటు ఉండే ఊరు దూరం. నిజానిజాలు తేలేలోగా దుక్కి అదను దాటిపోతుంది. అందుకే రైతు తన ఎద్దు ఆ చేను తొక్కలేదని తెలిసి కూడా డబ్బు కట్టి తోలుకొని వచ్చేవాడు. చట్టం ఇచ్చిన హక్కును కాలమూ ఖర్చూ కలిసి హరించినవి. "ఎందుకీ గోల, కట్టి పారేయ్" అన్న మాటకు మూలం ఇక్కడ ఉంది.

అయితే సీమ రైతు ఎల్లప్పుడూ కట్టి ఊరుకోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత, తాతల నాటి నుంచి పశువులు మేసిన అడవి సర్కారు సొత్తయింది, మేతకు పుల్లరి కట్టవలసి వచ్చింది. 1921లో, సహాయ నిరాకరణ రోజుల్లో, రాయచోటి తాలూకాలోనూ, గుంటూరు జిల్లా పల్నాడులోనూ రైతులు పుల్లరి కట్టకుండానే పశువులను అడవికి తోలారు. పల్నాటి పోరాటానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులకు బలి అయినాడు. పల్నాటి కథ పాటల్లోకి ఎక్కింది గాని, రాయచోటి కథ తెలిసినవాళ్ళు తక్కువ. ఈ ఊరి చరిత్రలో "కట్టము" అన్న మాట ఒకనాడు తప్పించుకునేవాని మాట కాదనీ, నలుగురి ముందు నిలబడి అన్న మాట అనీ మనం గుర్తుంచుకోవాలి.

ఈ పోలికను పట్టుకొని, కెమెరా చలానా కూడా పుల్లరి వంటిదే, కట్టకపోవడమే పోరాటం అనేవాళ్ళున్నారు. ఈ వాదం వినసొంపుగా ఉంటుంది గాని నిలవదు. పుల్లరి విషయంలో అసలు వసూలు చేసే హక్కునే రైతు ప్రశ్నించినాడు. అడవిలో ఆవు మేస్తే ఎవరి ప్రాణమూ పోదు. వేగం అటువంటిది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయినారు. ఆ చావుల్లో 71 శాతానికి మితిమీరిన వేగమే కారణమని ఆ శాఖ నమోదు చేసింది. చనిపోయినవాళ్ళలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్ళు, దాదాపు 20 శాతం పాదచారులు. వీళ్ళెవరు? కూలికి పోయేవాళ్ళు, బడికి పోయే పిల్లలు, సంతకు నడిచిపోయే ఆడవాళ్ళు. కడప నుంచి రాయచోటికి వచ్చే దారిలో గువ్వలచెరువు ఘాటు దిగిన ప్రతి డ్రైవరుకూ వేగం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వేగపరిమితి బలహీనుని రక్షణకోసం పుట్టిన నియమం. దాన్ని తిరస్కరించడం ప్రజా ఉద్యమం అనిపించుకోదు.

ఇంగ్లండు చరిత్ర ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. అక్కడ 1865 చట్టం యంత్రంతో నడిచే బండ్లకు ఊళ్ళలో గంటకు 2 మైళ్ళ వేగాన్నే అనుమతించింది. 1896 జనవరిలో కెంట్ మండలంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే కార్ల వ్యాపారి గంటకు 8 మైళ్ళ వేగంతో పోయినందుకు ఒక షిల్లింగు జుల్మానా కట్టినాడు. అతన్ని తరిమి పట్టుకున్న పోలీసు ఎక్కింది సైకిలు. 1903 చట్టం పరిమితిని 20 మైళ్ళకు పెంచి, ప్రతి కారుకూ నంబరు తప్పనిసరి చేసింది. నేటి కెమెరా పట్టుకునేది ఆ నంబరునే. పోలీసులు పొదల చాటున గడియారం పట్టుకొని కూర్చుంటే, వాళ్ళ జాడ ముందుగా చెప్పడానికి కార్ల యజమానులు 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘమే పెట్టుకున్నారు. అలా హెచ్చరించడం పోలీసు విధికి ఆటంకమని 1910లో ఒక కేసు తీర్పు తరువాత నిలిచిపోయింది. అప్పుడు ఆ సంఘం మరో ఉపాయం పన్నింది. తన మనిషి సలాము చేస్తే దారి క్షేమం, చేయకపోతే ముందు పోలీసులున్నారని అర్థం. చలానాను ఎదిరించిన ఆ తొలి యోధులు ఎవరు? కారు కొనగల ధనికులు. ఆ కార్ల కింద పడే ప్రమాదం ఎవరిది? నడిచేవాళ్ళది. కనుక ఎదిరించడం అనే పనికి తనంతట తానుగా అభ్యుదయ లక్షణం ఏదీ లేదు. ఎవరు, దేన్ని, ఎందుకు ఎదిరిస్తున్నారన్నదే ముఖ్యం.

ఇక యంత్రం సంగతి. వేగాన్ని కొలిచి ఫోటో తీసే పరికరాన్ని 1958లో తయారు చేసినవాడు మారిస్ గాట్సోనిడెస్ అనే డచ్చి దేశస్థుడు. అతడు స్వయంగా కార్ల పందెగాడు, తన వేగాన్ని కొలుచుకోవడానికే ఆ యంత్రాన్ని మొదలుపెట్టినాడు. అది తరువాత పోలీసు సాక్షి అయింది. ఈ సాక్షికి లంచం ఇవ్వలేము, కులం చూపించి తప్పించుకోలేము. ఇది నిస్సందేహంగా మేలే. కాని ఈ సాక్షిని బోనులో నిలబెట్టి అడ్డుప్రశ్న వేయడం కూడా సాధ్యం కాదు. మనిషి అబద్ధమాడితే ముఖంలో తెలియవచ్చు. యంత్రం తప్పితే దాని ముఖంలో ఏమీ తెలియదు. అందుకే దాని చుట్టూ కొన్ని కట్టుబాట్లు అవసరమైనవి.

మన చట్టం ఈ కట్టుబాట్లను గుర్తించింది. 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను ప్రకారం, ఒకే ఒక్క సాక్షి "నా అభిప్రాయంలో ఈ బండి అతివేగంగా పోయింది" అంటే శిక్ష వేయడానికి వీలులేదు. ఆ అభిప్రాయానికి యంత్రం కొలత ఆధారంగా ఉండాలి. 209వ సెక్షను ప్రకారం అక్కడికక్కడే హెచ్చరించి ఉండకపోతే, 14 రోజుల లోపల నేరమూ, కాలమూ, చోటూ తెలిపే నోటీసు గాని, 28 రోజుల లోపల సమను గాని పంపనిదే, కొన్ని మినహాయింపులతో, శిక్ష వేయరాదు. 2019 సవరణ కార్లవంటి తేలిక వాహనాలకు జుల్మానాను కనీసం 1,000, గరిష్ఠం 2,000 రూపాయలకూ, లారీలవంటి మధ్యరకం, భారీ వాహనాలకు కనీసం 2,000, గరిష్ఠం 4,000కూ పెంచింది. కెమెరా నిఘా కోసం 136ఎ సెక్షనును చేర్చింది. దాన్ని అమలు జరపవలసిందిగా 2024 సెప్టెంబరులో సుప్రీం కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

2021 ఆగస్టులో చేర్చిన 167ఎ నిబంధన మనకు మరీ ముఖ్యమైనది. పరికరం సరిగా పనిచేస్తున్నదని రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువపత్రం ఇవ్వాలనీ, దాన్ని ఏటేటా కొత్తది చేయాలనీ అందులో రాశారు. ముందు కెమెరా ఉందని తెలిపే బోర్డు రోడ్డు పక్క కనిపించేలా ఉండాలి. బండి నంబరు స్పష్టంగా తెలిసే ఫోటో, యంత్రం చూపిన కొలత, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షను — ఇవన్నీ చలానాతో కూడా రావాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. కేసు తేలేదాకా రికార్డును భద్రపరచాలి. ఇవి డ్రైవరుకు చేసిన దయ కాదు. సాక్షిని ప్రశ్నించే హక్కు పోయినందుకు బదులుగా ఇచ్చిన హామీలు.

ఇక్కడే నా వాదం సారాంశం ఉంది. రుజువు చూపించి వసూలు చేసిన డబ్బు శిక్ష. రుజువు చూపించకుండా వసూలు చేసిన డబ్బు పన్ను, దాని పేరు ఏదైనా సరే. శిక్షను కట్టవలసిందే. శిక్ష వేషంలో వచ్చిన పన్నును ప్రశ్నించవలసిందే.

శిక్షను పన్నుగా మార్చడంలో ప్రభుత్వాలకు సంకోచం లేదు. 2022 మార్చిలో తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద తగ్గింపు ప్రకటించారు. ద్విచక్ర వాహనాలు బాకీలో నాలుగోవంతు, కార్లు సగం కడితే చాలునన్నారు. 2023 డిసెంబరు చివర మళ్ళీ ప్రకటించి, ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకూ లారీలకూ 60 శాతం మాఫీ చేశారు. పండుగ ముందు బట్టల అంగడి వాళ్ళు చేసే పని ఇది. పేదవానికి కొంత ఊరట కలిగిన మాట నిజమే. కాని మొదట్లోనే బుద్ధిగా కట్టినవాడు నష్టపోయినాడు, ఎగ్గొట్టినవాడు లాభపడినాడు. ఆ చలానాల్లో ఎన్ని నిజం, ఎన్ని అబద్ధం అన్నది తేలనే లేదు. నేరం మాయమై బాకీ మిగిలింది. "ఇంటికొచ్చి అడగరులే" అన్న రెండవ జవాబుకు బలం ఇచ్చింది ఇటువంటి పాలనే.

అసలు ప్రశ్నించే అవకాశమే కుంచించుకుపోతే ఎలా ఉంటుందో రాయచోటి వాళ్ళకు బాగా తెలుసు. ఈ ప్రాంతం నుంచి కువైటుకు పోయి ఇళ్ళలో డ్రైవర్లుగా పనిచేసేవాళ్ళు చాలామంది. ట్రాఫిక్ జుల్మానాలు చెల్లించనిదే విదేశీయులు దేశం దాటరాదని 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. ఊళ్ళో తల్లి చావుబ్రతుకుల్లో ఉందని కబురు వచ్చి విమానానికి పరుగెత్తేవాడు, ఆ జుల్మానా న్యాయమా కాదా అని వాదిస్తాడా? బందెలదొడ్డిలో ఎద్దు చిక్కుకుంటే, ఇక్కడ మనిషే చిక్కుకున్నాడు.

మన దేశంలో ఆ గతి లేదు గాని, ఖర్చు లెక్క మాత్రం పాతదే. 1,000 రూపాయల చలానాను ఎదిరించడానికి కోర్టుకు పోతే ఆటో డ్రైవరుకు ఆనాటి సంపాదన పోతుంది. వాయిదా పడితే మరో రోజు పోతుంది. కారు యజమాని వకీలును పంపి ఊరుకుంటాడు. లారీ విషయంలో చిక్కు మరొకటుంది. నోటీసు యజమాని పేరుకు వస్తుంది. డ్రైవరు ఎవరో పోలీసులు అడిగితే చెప్పడం 133వ సెక్షను ప్రకారం యజమాని బాధ్యత. కాని యజమాని డబ్బు కట్టి డ్రైవరు జీతంలో కోసుకుంటే, ఆ డ్రైవరుకు నోటీసు చూచే అవకాశం కూడా ఉండదు. సరుకు ఫలానా గంటకు చేరాలని తొందరపెట్టినవాడు ఒకడు, వేగానికి తప్పు కట్టేవాడు మరొకడు.

కాబట్టి ఏం చేయాలి? ముందు నోటీసు చదవాలి. ఫోటోలో ఉన్న బండి మనదేనా, ఆనాడు ఆ దారిన పోయినామా, కొలత రాశారా, ఏ పరిమితిని దాటినామన్నారు, ఎన్నాళ్ళకు పంపినారు? ఇవన్నీ సరిగా ఉండి, వేగంగా పోయిన మాట నిజమైతే మారుమాట లేకుండా కట్టాలి. నడిచిపోయే మనిషి ప్రాణం కన్న మన వాదనా చాతుర్యం గొప్పది కాదు. నంబరు మనది కాకపోయినా, అమ్మేసిన బండికి పాత యజమాని పేర నోటీసు వచ్చినా, కొలత గాని ఫోటో గాని లేకపోయినా, జుల్మానా ఎంత చిన్నదైనా రాతమూలకంగా ఆక్షేపణ తెలపాలి, ధ్రువపత్రం చూపమని అడగాలి.

ఒంటరిగా ఇది కష్టమని చెప్పక తప్పదు. 1921లో రాయచోటి రైతు ఒంటరిగా పశువును అడవికి తోలి ఉంటే ఆ పశువు దొడ్డికి పోయేది, అతడు జైలుకు పోయేవాడు. ఊరు కదిలింది గనక అది చరిత్ర అయింది. డ్రైవర్ల సంఘాలు నోటీసులను కలిసి చదివి, ఏ కెమెరాకు ధ్రువపత్రం ఉంది, ఏ మలుపులో బోర్డు లేదు అని అడిగితే, ఒక మనిషి పోగొట్టుకునే రోజు కూలి పదిమంది మధ్య పంపకమవుతుంది. ఆ సంఘాలే జీతంలో కోతలను ప్రశ్నించాలి, తమ వాళ్ళ వేగాన్ని అదుపులో పెట్టాలి. 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో రవాణా శాఖ రాయచోటి శాసనసభ్యునికే దక్కింది గనక, ఈ అడగడానికి దూరం పోవలసిన పని కూడా లేకపోయింది. తప్పు చేసినవాడు తప్పు కట్టాలి. తప్పు వేసినవాడు రుజువు చూపాలి. ఈ రెండింటిలో మొదటిదాన్ని ప్రజలకు ఎవరూ మరవనివ్వరు. రెండవదాన్ని ప్రభుత్వానికి గుర్తుచేసే పని మనదే.