కథ లేని కవితకు కట్టడం: పూలాంక్, ఎలువార్

అధివాస్తవిక కవులకు నాయకుడైన ఆంద్రే బ్రెటన్‌కు సంగీతమంటే గిట్టదు. అయినా ఆ బృందానికే చెందిన పాల్ ఎలువార్ కవితల మీద స్వరకర్త ఫ్రాన్సిస్ పూలాంక్ 1936-37లో తొమ్మిది పాటల ‘తెల్ జూర్, తెల్ న్యుయి’ని కట్టాడు. ఫ్రెంచి గేయమాలల్లో (ఒకే కృతిగా వరుసగా పాడే పాటల్లో) ఇంత పటిష్ఠమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. అప్పటిదాకా గేయమాలను నిలబెట్టింది కవి ఇచ్చిన కథో, ఒకే భావమో. ఆ ఆసరా లేని కవితలను సంగీతం తన సొంత అమరికతోనే ఒక్కటి చేయగలదని నిరూపించింది ఈ కృతే. బెర్లియోజ్ 1841లో గోతియే కవితలు ఆరింటికి స్వరాలు కూర్చినప్పుడు వాటిని కలిపింది ఒకే కవి, ఒకే రకపు మనఃస్థితి. ఏ పాటకా పాట విడిగా నిలుస్తుంది. ఫోరే 1892-94 మధ్య వెర్లేన్ కవితలు తొమ్మిదింటిని ఎంచుకుని, కొన్ని స్వరబంధాలను పాట నుంచి పాటకు తిప్పాడు. కానీ ఆ కవితలు వెర్లేన్ తన కాబోయే భార్య కోసం రాసినవి, ప్రేమకథ వాటిలోనే ఉంది. 1913లో దెబుసీ, రవెల్ ఇద్దరూ మలార్మే కవితలు మూడేసి తీసుకున్నారు. అర్థం అందీ అందని పద్యాన్ని కూడా పాడవచ్చని అక్కడ తేలింది, అయితే మూడు పాటలతో పెద్ద కట్టడం లేవదు.

ఎలువార్ దగ్గర చిక్కు ఇంకా పెద్దది. విరామచిహ్నాలు లేవు, కథ లేదు, ఒక ప్రతిమ పక్కన ఇంకొకటి వచ్చి నిలబడుతుంది, అంతే. పూలాంక్ 1935లో అయిదు కవితలతో దారి వెతుక్కున్నాడు. గాయకుడు పియెర్ బెర్నాక్‌తో అతని జంట కచేరీలు మొదలైందీ ఆ ఏడే. తర్వాత ‘లె యూ ఫెర్తీల్’ సంపుటిలోని తొమ్మిది కవితలను తీసుకుని, మొదటి పాటనూ చివరి పాటనూ ఒకే శ్రుతిలో, ఒకే నెమ్మది నడకలో పెట్టాడు. మధ్యలో కొన్ని చిన్న పాటల పని తర్వాతి పాటకు దారి వేయడమే. ఎనిమిదోది ఉగ్రంగా విరుచుకుపడేది తొమ్మిదోదాని ప్రశాంతత చెవికి తెలియడానికే. ఒక పాట విలువ దాని చోటును బట్టి తేలడం, గేయమాల చరిత్రలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే మలుపు. కృతికి పేరు పెట్టింది ఎలువారే. 1937 ఫిబ్రవరి 3న ప్యారిస్‌లోని సాల్ గావోలో దాన్ని తొలిసారి బెర్నాక్ పాడగా పూలాంక్ పియానో వాయించాడు.

ఈ కృతి చివర గొంతు ఆగాక పియానో ఒంటరిగా సాగడం షూమన్ ‘డిష్టర్లీబె’ నుంచి తెచ్చుకున్నదే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ పద్ధతి షూమన్‌దే, సందేహం లేదు. కానీ షూమన్‌కు కవి హైనె ప్రేమ వైఫల్యపు కథ ఇచ్చాడు, పియానో ఆ కథకు ముగింపు పలుకుతుంది. ఇక్కడ అది తొమ్మిది పాటలనూ ఒకే కృతిగా బిగించాలి, ఆ భారం వేరు. ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి: పూలాంక్ వాడిన పాత స్వరసంగతులు కొత్త కవిత్వపు పదును పోగొడతాయని. బూలెజ్ 1955లో వినిపించిన ‘ల మార్తో సాఁ మేత్ర్’ ఈ వాదానికి గొప్ప సాక్ష్యం. తొమ్మిది భాగాల్లో గొంతు వినిపించేది నాలుగింట్లోనే, రెనె షార్ కవిత వాద్యాల మధ్య చెదిరిపోతుంది. ఆ మార్గానికి దాని బలం ఉంది. కానీ ఎలువార్ పదాలు మామూలువే, వింతంతా అవి పక్కపక్కన చేరడంలో ఉంది. ఆ చేరిక వినబడాలంటే పదం స్పష్టంగా పలకాలి, వాక్యం తెగకూడదు. పూలాంక్ చాలావరకు అక్షరానికో స్వరం పెట్టింది అందుకే. పైగా 1950లో అతను ఎలువార్ కవిత ఒక్కదాన్నే ఏడు పాటలుగా విడదీసి ‘ల ఫ్రెషూర్ ఎ ల ఫ’ రాశాడు. విడి కవితలను కలపడమే కాదు, ఒకే కవితను దాని ఏకత్వం చెడకుండా విడదీయడం కూడా ఆ పాత స్వరసంగతులతోనే సాధ్యమైంది.