లెక్కకు రాని నీరు: కృష్ణా పరివాహక ప్రాంతంలో ఊట, పూడిక, మురుగు

మహాబలేశ్వరం దగ్గర పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే కృష్ణా నది పరివాహక ప్రాంతం 2,58,948 చదరపు కిలోమీటర్లు. వాన ఈ నేలంతటా సమంగా పడదు. పడమటి కనుమల సన్నని అంచున కుండపోతగా కురుస్తుంది. కనుమలు దాటగానే వానచాటు మెట్ట మొదలవుతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నడుమ తగాదా ప్రధానంగా ఆ అంచున కురిసి కిందికి దిగే నీటి గురించే.

ఈ నీటి పంపకానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వచ్చే ప్రవాహాన్ని 2,060 టీఎంసీలుగా తేల్చింది. 1976 తుది తీర్పులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. పునరుత్పత్తి జలాలు, అంటే వాడాక నదికి తిరిగి చేరే నీరు, వీటికి అదనం. ఈ అంకెలు చాలామందికి కంఠస్థమే. అదే తీర్పులోని మరో నిబంధన మీద ఇంత చర్చ జరగలేదు: భూగర్భ జలాలను ఏ రాష్ట్రమైనా స్వేచ్ఛగా తోడుకోవచ్చు, ఆ వాడకాన్ని కృష్ణా జలాల వాడకంగా లెక్కించరు.

మోటబావుల రోజుల్లో దీనివల్ల పెద్ద తేడా రాలేదు. బోర్లు వచ్చాక పరిస్థితి మారింది. తెలంగాణ, రాయలసీమల్లో అడుగున ఉన్నది ఎక్కువగా గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే. వానాకాలం వెళ్లాక వాగుల్లో సన్నగా పారే ఊట ఆ పొరదే. బోర్లు దాన్ని ఖాళీ చేస్తే ముందు వాగు ఎండుతుంది. మరుసటి ఏడు తొలి వానలు ఆ ఖాళీ నిండడానికే చాలవు. గొలుసుకట్టు చెరువులకు వరద ఆలస్యంగా, తక్కువగా చేరుతుంది. నేల మీది నీటినీ నేలలోని నీటినీ విడదీయడమే ఆ తీర్పులోని అసలు లోపం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. చిన్న రైతుకు అది ఊపిరి పోసిన మాట నిజం. తోడకానికి ఉన్న ఖర్చు హద్దు కూడా దానితోనే తొలగింది.

లెక్కకు రాని రెండో అంశం పూడిక. శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి సుమారు 215కు, నాగార్జునసాగర్‌ది 408 నుంచి 312కు, తుంగభద్రది 133 నుంచి సుమారు 105కు తగ్గాయి. మూడింట్లో కలిపి పోయింది 200 టీఎంసీలకు పైనే. కృష్ణా డెల్టాకు బచావత్ కేటాయించిన 181.20 టీఎంసీల కంటే ఇది ఎక్కువ. నిల్వ తగ్గినంత మాత్రాన ఏటి రాబడి అంతే తగ్గదు. అయితే ఆగస్టు వరదను ఫిబ్రవరి పైరు దాకా దాచే శక్తి తగ్గుతుంది, ఆ దెబ్బ ముందుగా చివరి ఆయకట్టుకే తగులుతుంది.

ఇక తాగునీరు. మళ్లించిన దానిలో 20 శాతమే ఖర్చయినట్లు బచావత్ లెక్క కట్టింది. మిగిలింది నదికి తిరిగి వస్తుందన్నది ఆధారం. సాగర్ నుంచి హైదరాబాద్‌కు వెళ్లిన నీరు మూసీలో మురుగై దిగుతుంది. దాని కింద గడ్డి, వరి పండుతాయి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నీరు పరిమాణంలోనూ గుణంలోనూ వేరు.

రాష్ట్ర విభజన తర్వాత, పునరుత్పత్తి జలాలతో కలిపి ఉమ్మడి రాష్ట్ర వాటా అయిన 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. బచావత్ తర్వాత ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఇచ్చిన తీర్పు సుప్రీంకోర్టు ఆదేశంతో అమలుకు రాలేదు. 2023లో కేంద్రం దానికి కొత్త విచారణాంశాలు అప్పగించింది. వాదనలన్నీ వాటాల చుట్టూనే.

ఊట నీటికి లెక్క కట్టిన అనుభవం మాత్రం రైతుల దగ్గర ఉంది. ఏపీఫామ్స్ అనే పథకం కింద మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు, అనంతపురం సహా ఏడు కరవు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల నీటిమట్టం నమోదు చేశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి తగిన పంటలు ఎంచుకున్నారు. వాళ్లు గీసుకున్న హద్దు గ్రామం కాదు, వాగు పరివాహక ప్రాంతం. ఆ లెక్కకు చట్టబద్ధత లేదు. ఒప్పుకోని రైతు పక్క పొలంలో కొత్త బోరు వేస్తే ఆపే అధికారం ఆ రైతులకు ఎవరూ ఇవ్వలేదు.