ఉమ్మడి కంప్యూటరు – తాళం – తెలుగు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో, మా బలసముద్రం వంటి ఊళ్ళలో, ఎన్నో ఇళ్ళలో మాట్లాడే భాష తెలుగు. రాష్ట్ర అధికార భాష కన్నడం. ఇటువంటి చోట బడిలో ఒకే పాత కంప్యూటరును అందరూ వాడుకొనేటప్పుడు, దాని సెట్టింగుల తాళం ఎవరి చేతిలో ఉన్నదన్నది తెలుగు ఉపాధ్యాయులకు చిన్న విషయం కాదు.

ఈ తాళానికి పెద్ద చరిత్రే ఉన్నది. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకొనే పద్ధతిని ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారికే దక్కడానికి ఆ పద్ధతిలోనే పాస్‌వర్డు వాడుకలోకి వచ్చింది. చాలాకాలం తరువాత వచ్చిన విండోస్ 98లో మాత్రం పాస్‌వర్డు అడిగినప్పుడు ‘క్యాన్సిల్’ నొక్కినా సాధారణంగా లోపలికి పోవచ్చును. ఏ విద్యార్థి అయినా ఏ సెట్టింగునైనా మార్చగలిగేవాడు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో అడ్మినిస్ట్రేటరు ఖాతా, పరిమిత ఖాతా వేరుగా ఏర్పడి, బడి యంత్రాలకు రక్షణ కలిగింది.

యూనికోడ్ తెలుగు, గౌతమి ఫాంటు కూడా ఆ ఎక్స్‌పీతోనే వచ్చాయి. అయితే కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ నుండి ఫైళ్ళు చేర్చితేనే తెలుగు సరిగా కనిపించేది. ఆ అధికారం అడ్మినిస్ట్రేటరుదే. యంత్రాన్ని కాపాడిన తాళమే తెలుగును గడప బయట నిలబెట్టింది! 2007లో విస్టా మార్కెట్లోకి వచ్చాక లిపి ముందుగానే అమర్చి ఉండసాగింది.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, తల్లిదండ్రులారా! తాళం వద్దనడం లేదు. పాత యంత్రానికి తాళం వేసే ముందే అందులో తెలుగు అమర్చమని అడగండి.