పని మీద ఊరెళ్తే భోజనం ఎక్కడ? మన వాళ్ళకు పనికొచ్చే వివరాలు

ఆడిట్ పనికో, పరీక్ష డ్యూటీకో, సరుకు కొనుగోలుకో, కోర్టు వాయిదాకో మన ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటారు. బయలుదేరే ముందు సంఘానికి ఫోను చేసి బస గురించి అడుగుతారు, ఆ తరువాత భోజనం గురించి. బస సంగతి తొందరగానే తేలుతుంది. భోజనం సంగతి తేలదు. మేము గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసుకుని తిరిగిన ఊళ్ళలో తెలుసుకున్నదీ, సభ్యులు చెప్పినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

పూటకూళ్ళ ఇంటి నుంచి మెస్సు దాకా

పొరుగూరిలో డబ్బిచ్చి ఇంటి భోజనం తినడం మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి వర్ణన ఉంది. అక్కడ రూకకు పూర్తి భోజనం. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ పాత్ర అందరికీ తెలిసిందే. ఆ పూటకూళ్ళ ఇల్లే తరువాత మెస్సు అయింది. పెద్ద బోర్డు ఉండదు, రోజుకు ఒకటే వంట, వండిన మనిషి వడ్డించే చోటే కనిపిస్తుంది. ఈ మూడూ ఉన్న చోట తిండి చాలా వరకు నమ్మవచ్చు.

బోర్డు మీద పేరును బట్టి

కర్ణాటక. ‘దర్శిని’ అంటే నిలబడి తినే టిఫిను చోటు. పొద్దున్నే పని ఉన్నవాళ్ళకు ఇదే మేలు. ‘మిలిటరీ హోటల్’ అంటే మాంసాహారం, అక్కడ రాగి ముద్ద దొరుకుతుంది. మన సంగటికి అది తోబుట్టువే. ఉత్తర కర్ణాటకలో ‘ఖానావళి’ అని ఉంటే జొన్న రొట్టె, ఎణ్ణెగాయి పెడతారు. ఎణ్ణెగాయి మన గుత్తి వంకాయకు దగ్గర. బళ్ళారి వైపు పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా రావద్దు. బెంగుళూరులో వేళ కుదిరితే 1924 నాటి మావళ్ళి టిఫిన్ రూమ్‌కూ, గాంధీ బజారులో 1943 నాటి విద్యార్థి భవన్‌కూ వెళ్ళవచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కరువైనప్పుడు రవ్వ ఇడ్లీ పుట్టింది మావళ్ళిలోనే అంటారు. పప్పు, పొడి, నెయ్యితో మన భోజనమే కావాలంటే ‘ఆంధ్రా మీల్స్’ బోర్డులు ఆ ఊళ్ళో కొదవ లేదు.

తమిళనాడు. ఇక్కడ ‘మెస్’ అన్న మాటకు విలువ ఎక్కువ. చెన్నై తిరువల్లిక్కేణిలో 1948 నాటి రత్నా కేఫ్‌లో ఇడ్లీ మీద సాంబారు ధారాళంగా పోస్తారు. తిరునెల్వేలి పనికి వెళ్తే సాయంత్రం నెల్లైయప్పర్ గుడి ఎదుటి ఇరుట్టుకడై హల్వా కోసం ముందే వరుసలో నిలబడాలి. కోవిల్‌పట్టిలో పల్లీ పట్టీ, శ్రీవిల్లిపుత్తూరులో పాలకోవా ఇంటికి తేదగ్గవి. ఈ రెండు ఊళ్ళ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగులోనే దారి అడగవచ్చు.

ఒడిశా. మా బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే, కనుక ఇడ్లీ, ఉప్మాలకు ఇక్కడ వెతుకులాట లేదు. కటకం వెళ్తే సైకిళ్ళ మీద అమ్మే దహిబరా ఆలూదమ్ పొద్దున్నే తినాలి. పూరీలో గుడి ప్రాంగణంలోని ఆనంద బజారులో మధ్యాహ్న భోగం తరువాత మహాప్రసాదం దొరుకుతుంది. మట్టి కుండల్లో, కట్టెల మీద, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండినది. పథ్యం ఉన్నవాళ్ళకు కూడా పడుతుంది.

మహారాష్ట్ర. ముంబయి మాటుంగాలో స్టేషను దగ్గర 1942 నాటి రామనాయక్ ఉడిపి భోజనశాలలో అరిటాకు భోజనం ఉంది. టిఫినుకు అదే పేటలో 1940 నాటి కేఫ్ మద్రాస్. షోలాపూరులో తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడిన పద్మశాలీల పేటల్లో నడిస్తే తెలుగు వినబడుతూనే ఉంటుంది. అక్కడి కడక్ భాకరీ, వేరుశనగ పొడి రోజుల తరబడి పాడవవు, రైలు ప్రయాణానికి మంచివి.

యానాం. పని మీద వచ్చేవాళ్ళు వరద కాలంలో వస్తే గోదావరి పులస దొరకవచ్చు. ధర ముందే అడగండి. శాకాహారులు కాకినాడ దాకా వెళ్ళి సుబ్బయ్య హోటల్లో తినవచ్చు.

ఎవరిని అడగాలి?

లాడ్జి కౌంటరులో అడగవద్దు. తమకు తెలిసిన చోటికే పంపుతారు. మీరు వెళ్ళిన ఆఫీసులో బంట్రోతును అడగండి. అతను రోజూ సొంత డబ్బుతో తింటాడు. బస్టాండులో కండక్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, మందుల కంపెనీ ప్రతినిధులు వెళ్ళే చోటు చూడండి. మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్తే మొదటి వాయి అన్నం దొరుకుతుంది. వార సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి.

ఒక తప్పు, ఒక మేలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో కటకంలో మేము ఈ నియమాలేవీ పాటించలేదు. దినభత్యం చాలదని మధ్యాహ్నం మూడున్నరకు బస్టాండు పక్కన ఒక హోటల్లో చవగ్గా రొయ్యల కూర తిన్నాం. పొద్దున చేసినది మళ్ళీ వేడి చేశారు. రెండు రోజులు లాడ్జి మంచం దిగలేదు, లెక్కలు అప్పజెప్పవలసిన తేదీ దాటిపోయింది, ఆఫీసులో మెమో ఇచ్చారు. ఆ వీధిలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ మెస్సు నడిపేవారు. లాడ్జి కుర్రాడు చెబితే గంజి పంపారు. మూడో రోజు మేము వెళ్ళి కూర్చుంటే, “బాబూ, ఇంకో రెండ్రోజులు చారన్నం తప్ప మరేటీ తినకండి” అన్నారు. భోజనాలకు డబ్బు తీసుకున్నారు, గంజికి తీసుకోలేదు. ఆ తరువాత కటకం ఎప్పుడు వెళ్ళినా అక్కడే తిన్నాం. అందరూ పిన్నిగారు అనేవారు, మేమూ అలాగే పిలిచాం, పేరు అడగలేదు. ఇప్పుడక్కడ ఫోన్ల దుకాణం ఉంది.

ఇప్పటి పిల్లలు గదిలోకే ఫోనులో తెప్పించుకుంటున్నారు. రాత్రి పొద్దుపోయి దిగినప్పుడు అది తప్పు కాదు. కాని రెండు రోజులకు మించిన పని అయితే ఒక్క పూటైనా బయటికి వెళ్ళి, మీ ముఖం గుర్తుపెట్టుకునే చోట తినండి. ఒంట్లో బాగోకపోతే మీ కోసం అడిగే మనిషి ఆ ఊళ్ళో ఒకరు ఉంటారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు వేళ తప్పకుండా బిస్కెట్లు, వేయించిన పల్లీలు సంచిలో ఉంచుకోవాలి.

మీకు తెలిసిన మంచి చోటు ఉంటే ఊరు, వీధి, వేళ, వార సెలవు, ఈ నాలుగూ రాసి సంఘానికి పంపండి. నడిపేవారి పేరు కూడా అడిగి రాయండి. జాబితాలో చేరుస్తాం.