పట్టభద్రుని రెండవ దరఖాస్తు

బి. ఏ. పరీక్షలో కృతార్థుడైన యువకుడు మన ప్రాంతమున ఒకప్పుడు ఒకే దరఖాస్తు వ్రాసేవాడు, అది ఉద్యోగమునకు. బడిలో పాఠము చెప్పదలచినవాడు శిక్షణకై మరియొక దరఖాస్తు వ్రాయవలెనను ఆచారము తరువాత వచ్చినది. చదువు వచ్చినవానికి చదువు చెప్పుటయు వచ్చినట్లేనా, అన్న ప్రశ్న దాని వెనుక ఉన్నది. ఆ ప్రశ్నకు మద్రాసు రాజధానిలో ఏమేమి సమాధానములు దొరకినవో కొంత ముచ్చటించుకొందాము.

1854 జూలైలో సర్ చార్లెస్ ఉడ్ పేరిట ఇంగ్లండునుండి ఒక విద్యా తాఖీదు వచ్చినది. ప్రతి రాజధానిలోను ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాలలు పెట్టవలెననియు, చేరినవారికి వేతనమిచ్చి చదివించవలెననియు అందులో ఉన్నది. రెండేండ్లకు, 1856లో, మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వెలసినది. 1887లో అది సైదాపేటకు తరలినది. 'సైదాపేట' అంటే చాలు, ఉపాధ్యాయ శిక్షణ అని ఎరిగినవారికి తెలిసిపోయేది.

తొలినాళ్ళలో అక్కడ పట్టభద్రుడును, మెట్రిక్యులేషను మాత్రమే చదివినవాడును పక్కపక్కనే కూర్చుండేవారు. పట్టభద్రులే అరుదైన కాలమది. రెవిన్యూ కచేరీలు, న్యాయస్థానములు వారిని పిలిచి పీట వేస్తూ ఉండగా బడిపంతులు పనికి మరల విద్యార్థియై కూర్చొనుటకు ఎవనికి మనసొప్పును? 1882 నాటి హంటరు కమిషను ఈ చిక్కును గుర్తించినది. పట్టభద్రులకు ఇతరులకంటె తక్కువ కాలపు శిక్షణ వేరుగా ఉండవలెననియు, బోధన సిద్ధాంతములలోను ఆచరణలోను పరీక్ష పెట్టవలెననియు సూచించినది. ఎల్. టి. అను రెండక్షరముల బిరుదుకు త్రోవ ఏర్పడినది అప్పుడే.

తెలుగువారు గర్వింపదగిన సంగతి ఒకటున్నది. 1894లో రాజమహేంద్రవరమున ట్రెయినింగు కాలేజి నెలకొన్నది. ఇరువదవ శతాబ్ది ఆరంభము నాటికి బ్రిటిషు ఇండియా మొత్తములో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కళాశాలలు ఆరే: సైదాపేట, లాహోరు, అలహాబాదు, జబల్పూరు, కుర్సియాంగు, రాజమహేంద్రవరము. ఆరింట ఒకటి గోదావరి ఒడ్డున ఉన్నదన్నమాట.

1904లో కర్జను ప్రభుత్వము చేసిన తీర్మానము ఈ చదువుకు రూపురేఖలు దిద్దినది. పట్టభద్రులకు ఒక్క సంవత్సరము చాలును. చివర విశ్వవిద్యాలయపు పట్టమో, డిప్లొమాయో ఉండవలెను. కళాశాలను అంటిపెట్టుకొని అభ్యాస పాఠశాల ఒకటి ఉండితీరవలెను. నా దృష్టిలో ఈ మూడవదే ప్రాణము వంటిది. పిల్లలు లేనిచోట బోధన నేర్చుట నీరు లేనిచోట ఈత నేర్చుట వంటిదే. మైకు ముందు కూర్చొని మాట్లాడే మాబోటివారికి శ్రోత ఆవులించుట కనబడదు, ఉపాధ్యాయునికి కనబడుతుంది. ఆ ఆవులింతను చూచి పాఠమును మార్చుకొనుట ఏ గ్రంథమునుండి నేర్చుకొనగలము?

ఈ నియమము ఎంతటివారినైనను విడువలేదు. 1909లో ఎం. ఏ. ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర శాఖలో చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో సైదాపేటకు పోవలసివచ్చినది. మనశ్శాస్త్రములో ఆయనకున్న ప్రజ్ఞను చూచిన ఆచార్యులు, నీవు వినుట ఎందుకు, తోడివారికి నీవే చెప్పుమన్నారట. ఆ ప్రసంగములే 1912లో మనశ్శాస్త్ర గ్రంథముగా వెలువడినవి. శిక్షణకు వచ్చినవాడే శిక్షకుడైన ఈ ఉదంతము వినుటకు ముచ్చటగా ఉన్నది. కాని ఆయన బోధింపగలడని బయటపడినది చేరిన తరువాత. దరఖాస్తు కాగితములో కాదు.

స్త్రీల సంగతి చెప్పవలెనంటే, పట్టభద్రురాండ్రకు మద్రాసులో లేడీ విల్లింగ్డన్ ట్రెయినింగు కాలేజి 1922లో ఏర్పడినది. చేరదలచిన తెలుగు వనిత ఇల్లు విడిచి అంత దూరము పోవలసినదే. అటువంటి దరఖాస్తు మీద సంతకము చేసిన తండ్రుల ధైర్యమును ఏ నివేదికయు లెక్కకట్టలేదు.

ఎల్. టి. పోయి బి. టి., బి. ఇడి. వచ్చినవి. పేర్లకంటె పెద్ద మార్పు మరియొకటి జరిగినది. ఒకనాడు వేతనమిచ్చి పట్టభద్రులను పిలువవలసివచ్చిన చదువుకు ఈనాడు అభ్యర్థులు రుసుము కట్టి ప్రవేశపరీక్ష వ్రాయుచున్నారు. 2015 నుండి ఒక సంవత్సరపు చదువు రెండు సంవత్సరములైనది. జస్టిస్ వర్మ కమిషను 2012లో, చేరకముందే అభ్యర్థిని పారదర్శకముగా పరీక్షించే పద్ధతిని ఆలోచింపుమని చెప్పినది.

మన పరీక్షలు ఏమి అడుగుచున్నవి? ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్ ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలకు బోధనాభిరుచిని తెలిసికొనేవి 10, తెలంగాణలో 20. తక్కినవి విషయజ్ఞానము, ఆంగ్లము, లోకజ్ఞానము మొదలైనవి. విషయము తెలియనివాడు బోధింపలేడు, నిజమే. అయినను బోధనాభిరుచిని నాలుగు జవాబులలో ఒకటి గుర్తించుట చేత కొలువవచ్చునని నాకు నమ్మకము కుదరదు.

అందువలన అసలు పరీక్ష అభ్యాస పాఠశాల దాకా వాయిదా పడుచున్నది. పట్టభద్రుడు సుద్దముక్క చేతబట్టి నల్లబల్ల దగ్గర నిలుచుండును. వెనుక బల్లమీద అధ్యాపకుడు పుస్తకము తెరచి వ్రాసికొనుచుండును. వచ్చినవాడు ఇంకను నేర్చుకొనుచున్నవాడేనని ముందు వరుస పిల్లలకు అప్పటికే తెలిసిపోయి ఉండును. గంట కొట్టుటకు ముప్పావుగంట ఉన్నది.